తూకంతో మొదలుపెట్టి పరమాణువు దాకా: కెమిస్ట్రీ బేసిక్స్ సొంతంగా నేర్చుకోవడం ఎలా

కెమిస్ట్రీ అంటే భయపడేవాళ్ళలో చాలామందికి ఆ భయం ఒకే చోట మొదలవుతుంది. పుస్తకం తెరవగానే ప్రోటాన్, న్యూట్రాన్, ఎలక్ట్రాన్ అని మూడు పేర్లు, పక్కన ప్లస్సులు మైనస్సులు, వెంటనే 2, 8, 8 అని ఒక లెక్క. ఇదంతా ఎవరు చూశారు, ఎలా కనుక్కున్నారు అన్న మాట లేకుండా బట్టీ పట్టమంటే పట్టేస్తాం, పరీక్ష రాసేస్తాం, నెల తిరిగేసరికి ఏమీ మిగలదు. తొమ్మిదో తరగతి పిల్లలైనా, పదిదాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం ఎంపీసీలో పడ్డవాళ్ళైనా, ఆర్ట్స్ డిగ్రీ చేసి ఇప్పుడు గ్రూప్స్ కోసం జనరల్ సైన్స్ పట్టుకున్నవాళ్ళైనా, పిల్లల హోంవర్క్ పుణ్యమా అని మళ్ళీ పుస్తకం ముట్టుకున్న అమ్మానాన్నలైనా ఇబ్బంది ఇదే.

అందుకని ఇక్కడ వరుస తిరగేసి చెబుతున్నాను. ముందు తూకం వేయండి, తర్వాత కణాలను ఊహించుకోండి, పరమాణువు లోపలికి ఆ తర్వాతే వెళ్ళండి. చరిత్ర నడిచింది కూడా ఈ వరుసలోనే. ఎలక్ట్రాన్ దొరికింది 1897లో. ఇంగ్లీషు శాస్త్రవేత్త డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా అచ్చువేసింది 1808లో. అంటే లోపల ఏముందో తెలియకపోయినా పరమాణువు ఉందని దాదాపు తొంభై ఏళ్ళ ముందే చెప్పగలిగాడు, అదీ తూకాల లెక్కలతో. మన దేశపు కణాదుడు, గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ లాంటివాళ్ళు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఆ ఆలోచన చేశారు, కానీ వాళ్ళ దగ్గర త్రాసు లెక్క లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

కావాల్సినవి ఏమంత ఖరీదైనవి కావు. వంటింట్లో వాడే డిజిటల్ తూకం ఒకటి (ఒక గ్రాము వరకు చూపిస్తే చాలు), 110 డిగ్రీల దాకా చూపించే థర్మామీటర్ (జ్వరం చూసేది పనికిరాదు, వేడి నీళ్ళలో పెడితే పాడవుతుంది), ఉప్పు, వంట సోడా, నిమ్మ ఉప్పు, ఒక ఫుట్‌బాల్, దానికి గాలి కొట్టే పంపు, రెండు పెన్సిళ్ళు, 9 వోల్టుల బ్యాటరీ, వైర్లు, ఒక లాంగ్ నోట్‌బుక్.

మొదట నోట్‌బుక్ సంగతి

ప్రతి పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. ఎడమ గడిలో కంటికి కనిపించింది, తూకంలో వచ్చింది రాయాలి. మధ్య గడిలో లోపల కణాలు ఎలా ఉండి ఉంటాయో బొమ్మ గీయాలి. కుడి గడి గుర్తులకు, ఫార్ములాలకు, అంకెలకు. మొదటి వారం కుడి గడి ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి, టెన్షన్ పడొద్దు.

ఈ మధ్య గడి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. క్లాసులో సాధారణంగా ఎడమ గడి నుంచి నేరుగా కుడి గడిలోకి దూకేస్తారు: ‘ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, దాని పేరు సోడియం క్లోరైడ్, ఫార్ములా ఇది, రాసుకోండి’. పరీక్షలో మార్కులు వచ్చేది కుడి గడికే కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ అర్థం కావడమనేది జరిగితే మధ్య గడిలోనే జరుగుతుంది. బొమ్మ గీయలేకపోతున్నారంటే ఆ విషయం మీకు ఇంకా అర్థం కాలేదని లెక్క, ఫార్ములా నోటికి వచ్చినా సరే.

పదార్థం అంటే ఏమిటో తూకం వేసి చూడండి

పదార్థానికి ద్రవ్యరాశి ఉంటుంది, అది చోటు ఆక్రమిస్తుంది. రాయి విషయంలో దీన్ని ఎవరూ కాదనరు, అనుమానం వచ్చేది గాలి దగ్గర. ఫుట్‌బాల్‌ను మెత్తగా, కానీ ఆకారం పోకుండా ఉండేంత గాలితో తూకం వేయండి. తర్వాత గట్టిపడేదాకా పంపు కొట్టి మళ్ళీ వేయండి. నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు, పెద్ద ఫుట్‌బాల్‌లో ఐదు లీటర్ల పైన పడుతుంది, గట్టిగా కొట్టినప్పుడు అదే చోట్లోకి దాదాపు అంత గాలి అదనంగా దూరుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. చాలా వీడియోల్లో దీన్ని బుడగతో చేసి చూపిస్తారు. నాకది నచ్చదు. బుడగ ఉబ్బినప్పుడు బయటి గాలిని పక్కకు నెట్టి కొంచెం తేలుతుంది, అందుకే లోపలికి వెళ్ళిన గాలి బరువులో చాలా భాగం తూకంలో కనిపించకుండా పోతుంది. ఫుట్‌బాల్ సైజు పెద్దగా మారదు, ఆ తికమక ఉండదు.

ఇప్పుడు నీళ్ళు మరిగించి, థర్మామీటర్ గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకుని, నిమిషానికొకసారి రీడింగ్ రాయండి. పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగిపోతుంది. మంట తగ్గించకపోయినా ఆగిపోతుంది. విశాఖలో, మచిలీపట్నంలో చేస్తే 100 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్‌లో చేస్తే 98 దగ్గరే ఆగుతుంది, థర్మామీటర్ తప్పేమీ కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం కాస్త తక్కువ. సరే, మంట మండుతూనే ఉంది, వేడి ఎక్కడికి పోతోంది? కణాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి ఖర్చవుతోంది. ఈ ఒక్క సమాధానం మధ్య గడిలో బొమ్మగా గీయగలిగితే స్థితుల మార్పు పాఠం సగం అయిపోయినట్టే.

గీసేటప్పుడు అందరూ చేసే పొరపాట్లు కొన్నున్నాయి. వేడి చేస్తే కణాలు ఉబ్బుతాయని పెద్ద పెద్ద గుండ్రాలు గీస్తారు. కణం ఉబ్బదు, కణాల మధ్య దూరం పెరుగుతుంది. ఆ ఖాళీలో గాలి ఉంటుందంటారు. గాలి కూడా కణాలే కదా, మరి వాటి మధ్య ఏముంటుంది? ఏమీ ఉండదు, నిజంగానే ఖాళీ. మరిగే నీళ్ళలో బుడగలు హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసేవాళ్ళు ఇంటర్‌లో కూడా ఉంటారు. కాదు, అది నీటి ఆవిరి. నీటి అణువు విరగలేదు, పక్క అణువును వదిలి దూరం వెళ్ళింది, అంతే. ఎంత దూరమంటే, 18 గ్రాముల నీళ్ళు గిన్నెలో 18 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటాయి, అవే మొత్తం ఆవిరైతే 30 లీటర్లు, అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఒకటిన్నర. గ్యాస్ సిలిండర్ కథ దీనికి తిరగేసి. అందులో ఉండే 14.2 కిలోల గ్యాస్‌ను పీడనంతో నొక్కి ద్రవంగా నింపుతారు కాబట్టే అంత చిన్న డబ్బాలో పడుతుంది. బయటికొస్తే దాదాపు 250 రెట్లు విస్తరిస్తుంది.

మిశ్రమం, సమ్మేళనం, మూలకం

ఇక్కడ నిర్వచనాలు బట్టీ పట్టకండి. ఏ పదార్థం కనిపించినా రెండే ప్రశ్నలు వేయండి. వడకట్టడం, ఆరబెట్టడం, మరిగించడం లాంటి మామూలు పనులతో దీన్ని విడదీయగలమా? విడదీయగలిగితే మిశ్రమం. విడదీయలేకపోతే రెండో ప్రశ్న: కరెంటు పెట్టో, బాగా వేడి చేసో, వేరే పదార్థంతో చర్య జరిపించో దీన్ని ఇంకా సరళమైనవిగా విరగ్గొట్టగలమా? విరిగితే సమ్మేళనం, ఎంత చేసినా విరగకపోతే మూలకం.

సముద్రపు నీళ్ళు తీసుకోండి. శ్రీకాకుళం వైపు నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పు కొటార్లు చూసినవాళ్ళకు తెలుసు, మడుల్లోకి నీళ్ళు పెట్టి ఎండకు వదిలేస్తే ఉప్పు మిగులుతుంది. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు. ఎండతోనే విడిపోయింది కాబట్టి అది మిశ్రమం. మిగిలిన ఉప్పును ఎంత ఎండబెట్టినా, ఎంత దంచినా ఉప్పే, కాబట్టి అక్కడ రెండో ప్రశ్నకు వెళ్ళాలి. గాలి, ఇత్తడి, స్టీలు, పాలు అన్నీ మిశ్రమాలే. నెయ్యి డబ్బా మీద ‘స్వచ్ఛమైన’ అని రాసి ఉంటుంది, కల్తీ లేదన్న అర్థంలో అది సరైన మాటే, కానీ కెమిస్ట్రీ లెక్కలో నెయ్యి కూడా మిశ్రమమే.

నీళ్ళు సమ్మేళనమని నమ్మాలంటే విరగ్గొట్టి చూడాలి. రెండు పెన్సిళ్ళను రెండు చివర్లా చెక్కి, ఒక గ్లాసు నీళ్ళలో అర చెంచా వంట సోడా కలిపి, పెన్సిళ్ళ కింది మొనలు ఒకదానికొకటి తగలకుండా అందులో ముంచి, పై మొనలకు వైర్లతో 9 వోల్టుల బ్యాటరీ తగిలించండి. రెండు మొనల దగ్గరా బుడగలు వస్తాయి, మైనస్ వైపు స్పష్టంగా ఎక్కువ వస్తాయి. అది హైడ్రోజన్. రెండో వైపు ఆక్సిజన్, లెక్క ప్రకారం దానికి సగం రావాలి, పెన్సిల్‌లోని కార్బన్ కొంత ఆక్సిజన్‌ను తినేస్తుంది కాబట్టి ఇంకా తక్కువగా కనిపించొచ్చు. కిటికీ తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. వంట సోడా బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది, అది పీల్చేది కాదు. ఇంటి ప్లగ్గు కరెంటు జోలికి అసలు వెళ్ళొద్దు. అలాగే, సందర్భం వచ్చింది కాబట్టి, బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ‘ఏమవుతుందో చూద్దాం’ అని కలపొద్దు. అక్కడ వచ్చేదీ క్లోరినే, మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

తూకమే పరమాణువును పట్టించింది

నన్నడిగితే మొత్తం విషయంలో తీరిగ్గా కూర్చోవాల్సింది ఈ అడుగు దగ్గరే. పుస్తకాల్లో రెండు నియమాలు, రెండు పేర్లు చెప్పి దాటేస్తారు.

పొడవాటి స్టీలు గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించండి. చిన్న కాగితం మీద 10 గ్రాముల వంట సోడా తూచుకోండి. గ్లాసు, సోడా, కాగితం అన్నీ కలిపి తూకం మీద పెట్టి అంకె రాసుకోండి. ఇప్పుడు సోడాను కొంచెం కొంచెంగా గ్లాసులో వేయండి, బుసబుసా పొంగి బయటకు చిందకుండా చూసుకోండి. పొంగు ఆగాక ఖాళీ కాగితంతో సహా మళ్ళీ తూకం చూడండి. నాలుగైదు గ్రాములు తగ్గి ఉంటుంది. మాయమైపోయిందా? లేదు, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా గదిలోకి వెళ్ళిపోయింది. లావోయిజర్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మూసిన పాత్రల్లో తూకాలు వేసి చూపించింది ఇదే. వాయువును తప్పించుకోనివ్వకపోతే చర్యకు ముందు తర్వాత మొత్తం ద్రవ్యరాశి మారదు. ఆ తగ్గిన అంకె నోట్‌బుక్‌లో జాగ్రత్తగా ఉంచండి, దానితో పనుంది.

ఆ తర్వాత ప్రౌస్ట్ అనే ఫ్రెంచి రసాయనవేత్త ఇంకో సంగతి పట్టుకున్నాడు. ఒక సమ్మేళనం ఎక్కడి నుంచి తెచ్చినా అందులో మూలకాల బరువుల నిష్పత్తి మారదు. గోదావరి నీళ్ళైనా, బోరు నీళ్ళైనా, మంచు కరిగిన నీళ్ళైనా శుద్ధి చేశాక 9 గ్రాములు విరగ్గొడితే 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ వస్తాయి. మిశ్రమంలో ఇలా ఉండదు, ఉప్పు నీళ్ళలో ఉప్పు మీ ఇష్టం.

డాల్టన్ ఇక్కడ ఆలోచించాడు. నిష్పత్తి ఎందుకు స్థిరంగా ఉండాలి? పదార్థం సాగే పిండిలా అవిచ్ఛిన్నంగా ఉంటే ఎంతైనా కలవొచ్చు కదా. విడివిడి ముక్కలుగా ఉండి, ఒక్కో మూలకపు ముక్కలన్నీ ఒకే బరువుంటే, ఒకటికి ఒకటి, ఒకటికి రెండు అని ముక్కల లెక్కన కలిస్తే మాత్రమే నిష్పత్తి కుదురుతుంది. కార్బన్, ఆక్సిజన్‌తో రెండు రకాల వాయువులు చేస్తుంది: 12 గ్రాముల కార్బన్‌కు ఒకదానిలో 16 గ్రాముల ఆక్సిజన్, ఇంకోదానిలో సరిగ్గా 32. మధ్యలో 20, 23, 27 ఎందుకు రావు? ఒక కార్బన్ పరమాణువుకు ఒక ఆక్సిజనో, రెండు ఆక్సిజన్‌లో తప్ప ఒకటీపావు ఉండదు కాబట్టి. ఇది మధ్య గడిలో గీసి చూడండి, ఈ పాఠాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఇదే.

అలాగని డాల్టన్ చెప్పిందంతా నిలబడలేదు. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజన్ అనుకున్నాడు, అందువల్ల ఆక్సిజన్ పరమాణు భారం (హైడ్రోజన్‌ను 1 అనుకుంటే) 16 రావాల్సింది 7 అని రాసుకున్నాడు. ఒకే పరిస్థితుల్లో సమాన ఘనపరిమాణం గల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని అవగాడ్రో 1811లోనే చెప్పాడు. దాంతో నీటికి రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ అని తేలుతుంది, కానీ దాదాపు యాభై ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహె సదస్సులో కానిజారో పట్టుబట్టి వాదించాకే పరమాణు భారాల గందరగోళం సర్దుకోవడం మొదలైంది. ఆ సదస్సులో కూర్చున్న యువకుల్లో మెండెలీవ్ ఒకడు. కాబట్టి ‘హెచ్ టూ ఓ’ అని అలవోకగా అనేసే ముందు, మీ గ్లాసులో ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ వచ్చిన బుడగలను గుర్తుచేసుకోండి, ఆ ఫార్ములాకు సాక్ష్యం వాటిలో ఉంది.

అణువు, పరమాణువు తేడా కూడా ఇక్కడే తేల్చేసుకోవాలి. ఆక్సిజన్ పరమాణువు ఒక్కటి. మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు కలిసి ఉంటాయి. నీటి అణువులో మూడు. హీలియంలో పరమాణువే అణువు. సైజు విషయానికొస్తే, ఒక మిల్లీమీటరు పొడవునా వరుసగా పేర్చడానికి ముప్పై లక్షల నుంచి కోటి పరమాణువులు పడతాయి, ఏ మూలకమన్నదాన్ని బట్టి.

ఇప్పుడు లోపలికి

ఇక్కడ మూడు పేర్లు, మూడు సంవత్సరాలు, మూడు సాక్ష్యాలు. 1897లో జె.జె. థామ్సన్ కాథోడ్ కిరణాలతో, అంటే గాజు గొట్టంలో కరెంటు పంపితే వచ్చే కిరణాలతో, ప్రయోగం చేశాడు. గొట్టంలో ఏ వాయువు నింపినా, ఏ లోహపు పలక పెట్టినా వచ్చేది ఒకే రకం రుణావేశ కణం, అంటే అది అన్ని పరమాణువుల్లోనూ ఉంది. అది ఎలక్ట్రాన్, ప్రోటాన్‌తో పోలిస్తే బరువు 1836వ వంతు. తర్వాత మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు (ధనావేశమున్న బరువైన కణాలు) వదిలారు. దాదాపు అన్నీ సూటిగా దూసుకుపోయాయి, వేలల్లో ఏ ఒక్కటో వెనక్కి తిరిగొచ్చింది. 1911లో రూథర్‌ఫర్డ్ దీనికి అర్థం చెప్పాడు: పరమాణువులో ఎక్కువ భాగం ఖాళీ, బరువంతా నడిమధ్య చిన్న కేంద్రకంలో ఉంది. ఎంత చిన్నదంటే, హైడ్రోజన్ పరమాణువు ఉప్పల్ స్టేడియం గ్రౌండ్ అంత ఉందనుకుంటే పిచ్ మధ్యలో పెట్టిన ఆవగింజంత. 1932లో చాడ్విక్ ఆవేశం లేని న్యూట్రాన్‌ను కనుక్కున్నాడు, బరువు లెక్కల్లో అప్పటిదాకా మిగిలిన చిక్కు దాంతో విడింది.

గుర్తుపెట్టుకోవాల్సింది చాలా తక్కువ. ప్రోటాన్ల (కేంద్రకంలోని ధనావేశ కణాల) సంఖ్యే ఆ మూలకం ఎవరో చెబుతుంది, దాన్నే పరమాణు సంఖ్య అంటాం. 11 ప్రోటాన్లుంటే సోడియం, 12 ఉంటే మెగ్నీషియం, ఇందులో రాజీ లేదు. ఎలక్ట్రాన్ పోయినా వచ్చినా మూలకం మారదు, ఆవేశమున్న అయాన్ అవుతుంది. న్యూట్రాన్ల సంఖ్య మారితే మూలకం అదే, ఐసోటోపు వేరు. ద్రవ్యరాశి సంఖ్య అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి.

క్లోరిన్ పరమాణు భారం 35.5 అని చూసి ‘అర న్యూట్రాన్ ఎక్కడి నుంచి వచ్చింది సార్’ అని అడిగిన పిల్లలున్నారు, అడగాల్సిన ప్రశ్నే. ప్రకృతిలో క్లోరిన్ పరమాణువుల్లో నాలుగింట మూడు వంతులు 35 బరువువి, ఒక వంతు 37వి. మూడు 35లు, ఒక 37 కూడి నాలుగుతో భాగిస్తే 35.5. సగటు అంతే. ఐసోటోపులకు మన పక్కనే ఒక ఫ్యాక్టరీ కూడా ఉంది: మణుగూరు దగ్గరి భారజల కర్మాగారం. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటే, డ్యుటీరియంలో దానికి తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది. అలాంటి హైడ్రోజన్‌తో అయిన నీరే భారజలం. అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి వాడతారు. చూడటానికి నీళ్ళే, కానీ దాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్ళలో వేస్తే ఆ మంచు మునిగిపోతుంది.

2, 8, 8 ఎందుకో

గ్యాస్ స్టవ్ మీద అన్నం పొంగి, ఉప్పేసిన గంజి మంట మీద పడినప్పుడు నీలం మంట పసుప్పచ్చగా అవుతుంది. అది సోడియం రంగు. దీపావళి మతాబుల్లో ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం వాడతారు. ఒక్కో మూలకానికి ఒక్కో రంగు ఎందుకు? ఎలక్ట్రాన్లు ఎక్కడ పడితే అక్కడ ఉండలేవు, నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉంటాయి, పై స్థాయి నుంచి కిందికి దిగినప్పుడు ఆ తేడాకు తగ్గ కాంతి వస్తుంది. 1913లో నీల్స్ బోర్ చెప్పిన నమూనా సారం ఇదే. ఎలక్ట్రాన్లు గ్రహాల్లా గుండ్రటి దారుల్లో తిరుగుతాయన్న బొమ్మ తర్వాత నిలబడలేదు, కానీ మొదటి 20 మూలకాల దాకా కర్పరాల (ఆ శక్తి స్థాయిలే) లెక్క, అంటే మొదటి కర్పరంలో 2, తర్వాతి వాటిలో 8, 8 ఎలక్ట్రాన్లు, చక్కగా పనిచేస్తుంది. ఇంటర్‌లో ఆర్బిటాళ్ళు వచ్చినప్పుడు మార్చుకుందురు గాని.

మొదటి 20 మూలకాలు మాత్రం కంఠస్థం చేయాల్సిందే, ఇక్కడ వేరే దారి లేదు. హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా పేరు, సంకేతం, పరమాణు సంఖ్య, కర్పరాల్లో ఎలక్ట్రాన్లు, అన్నీ ఒకే పేజీలో రాసి గోడకు అంటించండి. మిగతా 98 అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. రాసేటప్పుడు వరుసగా కాకుండా ఆవర్తన పట్టికలో ఉన్నట్టు గడుల్లో రాయండి, అప్పుడు లిథియం కింద సోడియం, దాని కింద పొటాషియం వచ్చి, చివరి కర్పరంలో ఒక్కటే ఎలక్ట్రాన్ ఉన్నవన్నీ ఒకే నిలువు వరుసలో కనిపిస్తాయి. మెండెలీవ్ 1869లో ఈ పట్టిక వేసినప్పుడు ఎలక్ట్రాన్ సంగతే తెలియదు, గుణాలు చూసి పేర్చి, కుదరని చోట ఖాళీలు వదిలేశాడు. ఆ ఖాళీల్లో ఒకటి 1875లో గాలియంతో నిండింది. అది 29.8 డిగ్రీలకే కరిగే లోహం, విజయవాడ ఎండాకాలంలో అలమరాలో పెట్టినా ద్రవంగా ఉంటుంది. పట్టికలో ఆర్గాన్ బరువు 39.95, దాని తర్వాత వచ్చే పొటాషియం 39.1. బరువు ప్రకారం పేర్చితే తారుమారవుతుంది. పట్టిక వరుసకు అసలు ఆధారం బరువు కాదు, పరమాణు సంఖ్య అని 1913లో ఎక్స్‌రేలతో తేల్చింది మోస్లీ. రెండేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధంలో, 27 ఏళ్ళకే చనిపోయాడు.

సంయోజకతకు (ఒక పరమాణువు వేరేవాటితో కలవగల సామర్థ్యానికి) ఒకటే సూత్రం పట్టుకోండి: చివరి కర్పరం నిండటానికి ఎన్ని ఇవ్వాలి, ఎన్ని తీసుకోవాలి, ఎన్ని పంచుకోవాలి. సోడియం 2, 8, 1 కాబట్టి ఒకటి ఇచ్చేస్తుంది. క్లోరిన్ 2, 8, 7 కాబట్టి ఒకటి తీసుకుంటుంది. ఒకటికొకటి, ఉప్పు తయారు. అల్యూమినియం మూడు ఇస్తుంది, ఆక్సిజన్ రెండే తీసుకుంటుంది, కాబట్టి రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సిజన్లు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేట్, బేరియం రెండు ఇస్తుంది, సల్ఫేట్ గుంపుది రెండు, ఒకటికొకటి సరిపోతుంది. ఇలా ఓ ముప్పై ఫార్ములాలు మీరే కట్టి సరిచూసుకోండి, ఆ తర్వాత పట్టీలు బట్టీ పట్టాల్సిన అవసరం రాదు. ఒక హెచ్చరిక: ఉప్పులో రెండేసి పరమాణువులు జంటలు కట్టి విడివిడిగా ఉండవు. ప్లస్ అయాన్లు, మైనస్ అయాన్లు అటూ ఇటూ పైనా కిందా వరుసలు కట్టి ఉంటాయి. మధ్య గడిలో అలాగే గీయండి.

మోల్ దగ్గర ఆగిపోకండి

చాలామంది పుస్తకం మూసేసేది ఇక్కడే. మోల్ ఒక సంఖ్య, డజను లాగా, కాకపోతే చాలా పెద్దది: 6.022 × 10²³. మన లెక్కలో చెప్పాలంటే 6 లక్షల కోట్లను మళ్ళీ 10 వేల కోట్లతో గుణించాలి. పరమాణువుల్ని లెక్కపెట్టలేం కాబట్టి తూకంతో లెక్కపెట్టే ఉపాయం ఇది: పరమాణు భారం లేదా అణు భారం ఎంతో అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్. తూకం తీసి, ఒక కప్పులో 18 గ్రాముల నీళ్ళు, ఇంకోదానిలో 342 గ్రాముల పంచదార పోసి పక్కపక్కన పెట్టండి. రెండిట్లోనూ అణువుల సంఖ్య ఒకటే. పంచదార అణువు నీటి అణువు కంటే 19 రెట్లు బరువు కాబట్టి కుప్ప పెద్దదైంది. 12 గ్రాముల కార్బన్, 27 గ్రాముల అల్యూమినియం కూడా ఒక్కో మోలే.

ఇప్పుడు దాచిపెట్టిన వంట సోడా అంకె తీయండి. వంట సోడాలో సోడియం 23, హైడ్రోజన్ 1, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48, మొత్తం 84. అంటే 84 గ్రాముల సోడాకు ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్, అంటే 44 గ్రాములు రావాలి. 10 గ్రాములకు ఎంత? 5.2. మీ తూకం నాలుగో నాలుగున్నరో ఐదో చూపించి ఉంటుంది, ఆ మిగతాది కొంత నీళ్ళలోనే కరిగి ఉండిపోయింది. నమ్మకం లేకపోతే గ్లాసును కాసేపు వదిలేసి, మధ్యమధ్యలో కలిపి మళ్ళీ తూచండి, ఇంకొంచెం తగ్గవచ్చు.

వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

పుస్తకం చూడకుండా, మాటల్లో కాకుండా బొమ్మల్లో జవాబు చెప్పండి. మంచుముక్క కరిగింది, టీలో పంచదార కరిగింది, రెండిటికీ మధ్య గడిలో ఏం గీస్తారు? (ఒకే బొమ్మ గీస్తే మళ్ళీ స్థితుల దగ్గరికి వెళ్ళండి. మంచులో ఒకే రకం అణువులు, వేడితో వాటి వరుస చెదిరింది. పంచదార కరిగిన బొమ్మలో పంచదార, నీరు అని రెండు రకాల అణువులు ఉండాలి.) ఇనుప మేకు తుప్పు పట్టాక బరువు పెరుగుతుందా తగ్గుతుందా, తుప్పు రాలిపోకుండా తూస్తే? బంగారం పసుప్పచ్చగా ఉంటుంది, మరి ఒక్క బంగారు పరమాణువు పసుప్పచ్చగా ఉంటుందా? కార్బన్-12, కార్బన్-14 రెండిటికీ సంయోజకత ఒకటేనా? సోడియం అయాన్, నియాన్ పరమాణువు రెండిట్లోనూ 10 ఎలక్ట్రాన్లే ఉన్నాయి, మరి సోడియం నియాన్ ఎందుకు అయిపోలేదు?

ఈ ఐదిట్లో నాలుగింటికి తడుముకోకుండా బొమ్మ గీశారంటే సమీకరణాలు తుల్యం చేయడం మొదలుపెట్టొచ్చు. మొదటి సమీకరణంగా మీరు చేసిన వంట సోడా, నిమ్మ ఉప్పు చర్యనే తీసుకోండి. నిమ్మ ఉప్పు అణువు ఒక్కటి మూడు సోడాలతో చర్య జరుపుతుంది, కాస్త కష్టంగానే ఉంటుంది, కానీ కుడి గడిలో రాయడానికి కావాల్సినవన్నీ మీ దగ్గరే ఉన్నాయి.